సిద్ధమ్మ వెతికిన గొంతు

సిద్ధమ్మకు సీరియళ్ళ పిచ్చి అని వాళ్ళ వీధిలో చిన్నాపెద్దా అందరూ అంటారు. అననీండి, వాళ్ళ నోటికి అడ్డమేముంది! నిజానికి సీరియల్లో కథ ఎందాకా వచ్చిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఎవరి ఆస్తి ఎవరు కాజేశారు, ఎవరి బిడ్డ ఎవరింట్లో పెరుగుతోంది, ఆ గొడవేదీ ఆమె తలకెక్కదు. అడిగితే తెల్లమొహం వేస్తుంది. కానీ నిన్న ఎవరు బాగా చేశారని అడిగి చూడండి, చేతిలో పని ఆపి మరీ చెబుతుంది.

"ఆ మామ వేషం ఏసినాయన ఉండాడు చూడు, కోపమొస్తే అరవడక్కా. భుజం మీది టవల్ తీసి మల్ల ఏసుకుంటాడు, అంతే. మనకి భయమైతాది. కొడుకుండాడే, వాడు గొంతు చించుకుంటాడు పాపం. రానోళ్ళకే అంత కష్టం."

ఆమె పని చేసేది బళ్ళారిలో ఒక జీన్స్ షెడ్డులో. కుట్టు మిషన్ల మీంచి దిగిన ప్యాంట్లకు జేబుల దగ్గర, అంచుల దగ్గర దారాలు వేలాడుతుంటాయి. వాటిని చిన్న కత్తెరతో కత్తిరించి, కట్ట కట్టి వాషింగుకు పంపాలి. కళ్ళు పక్కకు తిప్పితే కుట్టు తెగుతుంది, ప్యాంటు పాడవుతుంది, సూపర్‌వైజర్ చిదానంద వచ్చి నిలబడతాడు. అందుకని ఆ షెడ్డులో ఆడవాళ్ళు మధ్యాహ్నం సీరియల్ చూడరు, వింటారు. ఒక ఫోన్ తెచ్చి ప్యాంట్ల కట్టకు ఆనించి పెడతారు. ఎవరైనా ఒకసారి తలెత్తి "ఇప్పుడు ఏడుస్తాంది" అని చెప్పబోతే సిద్ధమ్మకు ఎక్కడలేని చిరాకు వస్తుంది. "చెప్పొద్దు, ఇనిపిస్తాంది గదా" అంటుంది. అట్లా ఏళ్ళ తరబడి విని విని ఆమె చెవి ఎంత పదునెక్కిందంటే, ఎక్కడ ఊపిరి దొంగిలించారో, ఎక్కడ ఉత్తుత్తి ఏడుపు ఏడ్చారో ఇట్టే పట్టేస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి అదే భాగాన్ని టీవీలో మళ్ళీ చూస్తుంది.

"అయిపోయిందాన్నే చూస్తావేందే" అంటాడు మొగుడు తాయప్ప. ఆటో తోలి అలిసిపోయి వచ్చిన మనిషి, ఆయనకు వార్తలు కావాలి.

"మద్దేనం ఇన్నా. ఇప్పుడు చూస్తాండా. రెండూ ఒకటేనా?"

ఈ చూడడం ఆమెకు నేర్పింది చెల్లెలు మారమ్మ. సంగనకల్లులో పుట్టిన అక్కచెల్లెళ్ళు. చిన్నప్పుడు బళ్ళారికి నడిచి వెళ్ళి సినిమా చూసి వచ్చేవాళ్ళు. దారి పొడుగునా మారమ్మ అన్ని వేషాలూ తానే వేసేది. హీరో తల్లి, పోలీసు, చివరికి సినిమాలో ఎద్దు కూడా. సిద్ధమ్మ చెల్లెలికి ముందుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ చూసేది. రాయి తగిలి ఎన్నిసార్లు పడిందో! మారమ్మను దేశనూరుకు ఇచ్చారు. వరి పొలాలు, కలుపులు, కోతలు, ఒక కూతురు. వేషాలు వేయడానికి తీరిక ఎక్కడిది? అయినా పండగకో పబ్బానికో అక్కచెల్లెళ్ళు కలిస్తే ఆ ఇంట్లో నవ్వులకు అంతు ఉండేది కాదు. తాయప్ప బయట అరుగు మీద పడుకునేవాడు.

మారమ్మ పోయింది. జ్వరం అన్నారు, రక్తంలో ఏదో పడిపోయింది అన్నారు, ఆసుపత్రిలో పెట్టారు, పోయింది. తాయప్ప ఫోన్ చేసేసరికి సిద్ధమ్మ షెడ్డులో ఉంది. మాట విన్నది. విని, "ఈ కట్ట అయిపోగొట్టి వస్తా" అన్నది.

అనడమే కాదు, కూర్చుని ఆ కట్ట పూర్తి చేసింది. పక్కవాళ్ళు కత్తెరలు కింద పెట్టి నోళ్ళు తెరుచుకుని చూశారు. చిదానందే స్వయంగా వచ్చి "పోమ్మా, ఎవురన్నా చేస్తార్లే" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఆఖరి ప్యాంటు మడిచి పెట్టాకే లేచింది. దేశనూరులో చెల్లెలికి స్నానం చేయించింది, బొట్టు పెట్టింది, వచ్చిన చుట్టాలకు నీళ్ళు అందించింది, చెప్పులు ఎక్కడ విడవాలో కూడా చూపించింది. కంట చుక్క నీళ్ళు లేవు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్న బిందుశ్రీ పెద్దమ్మ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

బిందుశ్రీ డిగ్రీ చదువుతోంది. అప్పటిదాకా బళ్ళారిలో హాస్టల్లో ఉండేది. తల్లి పోయాక తండ్రి తిప్పేశ్ తీసుకొచ్చి సిద్ధమ్మ ఇంట్లో దిగబెట్టాడు. పిల్ల వచ్చింది గానీ మాట రాలేదు. అన్నం పెడితే తింటుంది. పిలిస్తే పలుకుతుంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. కట్ట సంగతి ఆమె చెవిన ఎవరో వేశారు. అట్లాంటి మాటలు మోయడానికి మనుషులు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు కదా!

మారమ్మ పోయాక వచ్చిన దసరా పండగ కూడా దాటింది. ఆ సీరియల్లో పెద్దకోడలికి తమ్ముడు పోయాడన్న కబురు వచ్చింది. షెడ్డులో ఎప్పటిలాగే అందరూ వింటున్నారు. కబురు చెప్పిన మనిషి బావురుమన్నాడు, వెనకాల సంగీతం లేచింది. అందరూ ఇక ఆమె గుండెలు బాదుకోవడం కోసం ఎదురుచూస్తున్నారు. సంగీతం ఆగింది. పెద్దకోడలి గొంతు ఏమీ జరగనట్టు, "ఉండండి, పొయ్యి కట్టేసి వస్తాను" అన్నది.

అంతే. మామూలుగానే అన్నది. వస్తాను అన్న మాట చివర మాత్రం ఊపిరి చాల్లేదు. ఆ చివరి అక్షరం ఉందా లేదా అన్నట్టు వినిపించింది.

సిద్ధమ్మ చేతిలో కత్తెర జారింది. ఒళ్ళో ఉన్న ప్యాంటు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నీలం రంగు మొహానికి అంటుకునేంతగా ఏడ్చింది. అప్పటిదాకా లోపల ఎక్కడ దాక్కుందో ఆ ఏడుపు, ఆపుదామన్నా ఆగలేదు.

పక్కన కూర్చునే ఉచ్చెంగమ్మ మంచి మనిషే, నోరే కాస్త వదులు. ఆ సాయంత్రం పెరుగు కోసమని వాళ్ళింటికి వచ్చి, బిందుశ్రీ ముందరే, "మీ పెద్దమ్మ సీరియల్ ఇని ఎంత ఏడ్చిందో నువ్వు చూడాల్సింది పాపా" అని నవ్వుతూ చెప్పి పోయింది.

బిందుశ్రీ చదువుతున్న పుస్తకం మూసింది. గొంతు పెంచలేదు.

"మా అమ్మ కూడా సీరియల్లోనే చచ్చిపోయింటే బాగుండు పెద్దమ్మా" అన్నది.

సిద్ధమ్మ పెరుగు గిన్నెకు మూత పెట్టింది. ఏం చెప్పాలి? అది సీరియల్ కోసం ఏడ్చిన ఏడుపు కాదని చెప్పాలి. ఎట్లా చెప్పాలి? ఆ రోజు షెడ్డులో తనకు ఏమైందో తనకే మాటల్లో పెట్టడం రాదు. కానీ ఈ లోకంలో ఒక మనిషికి అది తెలుసు. పొయ్యి కట్టేసి వస్తానన్న ఆ మనిషికి తెలుసు. తెలియకపోతే అట్లా అనగలిగేది కాదు. ఆమెను ఒక్కసారి చూడాలి, నువ్వు చెప్పింది నిజమమ్మా అని చెప్పాలి అనే కోరిక సిద్ధమ్మను పట్టుకుంది. ఆమెతో చెప్పుకుంటే ఈ పిల్లతో చెప్పడానికి కూడా ఒక మాట దొరుకుతుందేమోనని ఆశ. అన్నం దగ్గర, పని దగ్గర, ఎక్కడున్నా అదే ధ్యాస.

ఈలోగా షెడ్డులో ఇంకో తగాదా వచ్చింది. ఆ సీరియల్ అసలు కన్నడంలో తీసింది. తెలుగులో వచ్చేది డబ్బింగు. ఉచ్చెంగమ్మ ఇంట్లో కన్నడం కాబట్టి ఆమె కన్నడ చానెల్లో ముందే చూసేసి, జరగబోయేది చెప్పి అందరి దగ్గరా తిట్లు తింటుంది. ఆమె ఆ రోజు, "ఇల్లక్కా, లేదు. మా కన్నడం దాంట్లో ఆ పొయ్యి మాటే లేదు. ఆమె ఆ పక్కకి తిరుక్కుని ఊరికే నిలబడుకుంటాది" అన్నది.

"నువ్వు ఆ టయానికి నిద్రపోయింటావు."

"నిద్ర యాడిదక్కా? నేనూ ఏడ్చినా గదా. మాట ఇల్ల."

"మాట లేకుంటే ఏడుపెట్లొచ్చెనే నీకు?"

రెండు రోజులు ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా దారాలు కత్తిరించారు. ఒకే మొహాన్ని రెండు భాషల్లో చూసి కొట్టుకునే మనుషులు మా వైపు తప్ప ఇంకెక్కడ ఉంటారో చెప్పండి.

ఈ తగవు తీర్చడానికే అన్నట్టు ఆ నటి బళ్ళారికి వచ్చింది. నేత్రావతి ఆమె పేరు. కొత్త చీరల దుకాణం తెరవడానికి పిలిపించారు. ఊరంతా ఆమె మొహంతో బ్యానర్లు కట్టారు. సిద్ధమ్మ ఆ రోజు పనికి సెలవు పెట్టి, తలకు పోసుకుని, పెట్టెలో ఉన్న మంచి చీర తీసి కట్టుకుంది. ఒక్కతే వెళ్ళడానికి బెదిరింది. తాయప్ప దింపడానికి ఆటో తీస్తూ బిందుశ్రీని, "పెద్దమ్మ తోడు పోమ్మా, ఆ తోపులాటలో పడిపోతాది" అని బతిమాలాడు. పిల్ల మొహం ముడుచుకునే ఎక్కింది.

నిజంగానే తోపులాట. అందరికీ ఫోటోలే కావాలి. సిద్ధమ్మ మోచేతులతో దారి చేసుకుంటూ, నలుగురి కాళ్ళు తొక్కి, చివరికి ఆమె ముందు నిలబడింది. నేత్రావతి నవ్వి కన్నడంలో "బన్నీ అమ్మా" అని దగ్గరికి రమ్మన్నది.

సిద్ధమ్మ చెవి ఇట్టే పట్టేసింది. ఆ గొంతు కాదు. పీలగా, తియ్యగా, చదువుకునే ఆడపిల్ల గొంతులా ఉంది. తప్పు మనిషి దగ్గరికి వచ్చానా అనుకుంది. మొహం చూస్తే అదే మొహం.

కన్నడం సిద్ధమ్మకూ వచ్చు. వచ్చినట్టు అడిగింది, తమ్ముడు పోయినప్పుడు పొయ్యి కట్టేసి వస్తానన్నావు కదమ్మా, ఆ మాట ఎట్లా చెప్పావు అని.

నేత్రావతి కాసేపు ఆలోచించింది. "ఆ సీన్లో నేనేం మాట్లాడలేదమ్మా. వీపు చూపించి నిలబడమన్నారు, నిలబడ్డా. తెలుగులో నాకు ఉష అని ఒకామె గొంతు ఇస్తుంది. నా పెదాలు కనిపించవు కదా, ఆమె ఆ మాట చేర్చినట్టుంది" అన్నది.

వెనక నుంచి జనం నెడుతున్నారు. సిద్ధమ్మ కదల్లేదు. మాట ఈమెది కాదు, నిజమే. కానీ ఆ రోజు సాయంత్రం టీవీలో చూసింది కూడా ఆమెకు గుర్తుంది.

"నిలబడింది నువ్వే గదమ్మా. ఆ భుజాలు నీవే గదా. అవి కదల్లేదు. ఏడ్చి కదిలించడం అందరికీ వస్తాది. కదిలించకుండా ఉండేది ఎంత కష్టమో నాకు తెలుసు" అన్నది.

నేత్రావతి మొహంలో అప్పటిదాకా ఉన్న దుకాణం నవ్వు పోయింది. సిద్ధమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ భుజాల సంగతి ఇన్నాళ్ళలో ఆమెతో ఎవరూ అనలేదట. తన వెంట వచ్చిన మనిషిని పిలిచి, ఉష నంబరు ఈ పిల్ల ఫోన్‌లో వెయ్యమని చెప్పింది. బిందుశ్రీ నంబరు తీసుకుంటూ మొదటిసారి పెద్దమ్మను కాస్త వింతగా చూసింది.

ఉష హైదరాబాదులో ఉంటుంది. బిందుశ్రీ మెసేజ్ పెడితే, కొన్నాళ్ళకు జవాబు వచ్చింది, ఆదివారం మాట్లాడదామని. ఆ ఆదివారం మధ్యాహ్నం సిద్ధమ్మ చాప మీద కూర్చుంది. ఎదురుగా బిందుశ్రీ ఫోన్ స్పీకరులో పెట్టి పట్టుకుంది.

"చెప్పండమ్మా" అన్నది ఉష. జలుబు చేసిన గొంతు. వెనకాల కుక్కర్ ఈల వేస్తోంది. అయినా సరే సిద్ధమ్మ పోల్చుకుంది. ఆ ఊపిరి ఆగే తీరు, అదే. ఆమె ఫోన్‌కి దగ్గరగా జరిగింది.

సీను వివరించింది. ఉష నవ్వింది. "ఆ మాటా? అది రాసిచ్చింది కాదండీ. ఆమె అటు తిరిగి అంతసేపు నిలబడింది కదా, ఆ వీపు చూస్తుంటే ఊరికే నోటికొచ్చింది. తీసేద్దామన్నారు, తర్వాత మర్చిపోయినట్టున్నారు."

"నీకు ఎవురన్నా పోయినారా తల్లీ?" అని అడిగింది సిద్ధమ్మ, మెల్లగా.

"లేదండీ. దేవుడి దయ వల్ల అమ్మా నాన్నా చెల్లెళ్ళు అందరూ ఉన్నారు. ఎందుకట్లా అడుగుతున్నారు?"

ఇన్నాళ్ళూ సిద్ధమ్మ తనలాంటి మనిషి ఒకరున్నారని, చూడగానే చెప్పకుండానే తెలిసిపోతుందని కదా అనుకుంది! ఈమెకు ఏమీ తెలియదు. ఏమీ తెలియకుండానే అంత నిజం చెప్పింది. దిగులు కలిగింది, వెంటనే ఆ దిగులులోంచే పట్టలేని గౌరవం పుట్టింది.

"ఏమీ లేకుండానే అంత చెప్పినావంటే నువ్వు చానా పెద్ద నటివమ్మా."

అటువైపు కుక్కర్ ఈల ఆగింది. "నన్ను నటి అని ఎవరూ అనరండీ" అన్నది ఉష. తర్వాత, "మీకు ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

తెలిసిన మనిషైతే చెప్పే పనే ఉండేది కాదు. తెలియదు కాబట్టి చెప్పాలి. సిద్ధమ్మ చాప అంచు పట్టుకుని, ఫోన్ వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"మా చెల్లెలు. మారమ్మ. ఫోనొచ్చినప్పుడు నేను ప్యాంట్లకి దారాలు కత్తిరిస్తాండా. కట్ట అయిపోగొట్టి వస్తా అన్న్యా. అందరూ నాది రాయి గుండె అన్న్యారు. కాదు తల్లీ. ఆ కట్ట అయిపోతే లేయాల. లేస్తే పోవాల. పోతే దాన్ని చూడాల. కట్ట అయ్యేంతవరకు మా మారమ్మ ఉండాది. అందుకే కత్తిరించినవే మల్ల తిప్పి చూసినా. దారాల్లేని ప్యాంట్లో దారాలు ఎతికినా. ఆడికి పోయినాంక కూడా ఏదో ఒక పని చేస్తానే ఉన్న్యా. పని ఆపితే అది నిజంగా పోతాది అనిపించె. దాని బిడ్డ నన్నే చూస్తాంది. ఆ బిడ్డని దగ్గరికి తీసుకుంటే ఇంగ నేను నిలబడలేను. అందుకే తీసుకోలేదు. తీసుకోవాల్సింది. తీసుకోలేదు."

ఏడవడమే వృత్తిగా ఉన్న మనిషికి ఓదార్పు మాట చేతకాలేదు. "ఆరోగ్యం జాగ్రత్తమ్మా, మళ్ళీ చేయండి, తప్పకుండా చేయండి" అని, అదే తెగిన గొంతుతో చెప్పి పెట్టేసింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బిందుశ్రీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. సిద్ధమ్మకు అప్పుడు గుర్తొచ్చింది, తాను చెప్పిందంతా ఈ పిల్ల ఎదురుగానే చెప్పిందని.

"అందరి గొంతులూ ఇంటాండా బిందూ" అన్నది, కళ్ళు ఒత్తుకుంటూ. "టీవీలో ఇంటాండా, ఫోన్లో ఇంటాండా. మీ అమ్మ గొంతు ఒక్కటే ఇంగ యాడా లేదు. ఒక్కసారి ఇనాలని నాకెంతగా ఉండాదో నీకు తెలీదు."

బిందుశ్రీ ఫోన్ తీసి, పాత మెసేజ్‌లలో చాలా వెనక్కి వెళ్ళి, ఏదో వెతికింది. హాస్టల్లో ఉన్నప్పుడు తల్లి తన గొంతుతో రికార్డు చేసి పంపిన మాటలు అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని తాను ఒక్కతే విన్నది. రాయి గుండె మనిషికి వినిపించకూడదని దాచుకుంది.

"ఇది మీ గురించే పెద్దమ్మా" అని, వేలితో నొక్కింది.

మారమ్మ గొంతు. కాలువ గట్టు మీంచి కాబోలు, గాలి హోరుమంటోంది. "ఏం బిందూ, తిన్న్యావా? మీ పెద్దమ్మకి ఫోన్ చేస్తాండా, ఎత్తడం లేదు. సీరియల్ చూస్తాందేమో మారాణి. పన్లేదులే, ఊరికే చేసినా, దాంతో మాట్లాడి చానా దినాలాయె. అది చూసినాంక చేయమను. నేను మేలుకోనే ఉంటా అని చెప్పు."

సిద్ధమ్మ మారాణి అన్నచోట నవ్వబోయింది. ఆ నవ్వు ఏడుపులో కలిసిపోయింది. బిందుశ్రీ ఆమె దగ్గరికి జరిగి, పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, అడగకుండానే అమ్మ మాటలను మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.